ఆ కోటు ఎవరిదని అడిగితే

పదిహేనేళ్ళుగా ఒక కోటు బరువు మోస్తున్నాను. కోటు నా దగ్గర లేదు. దాని సొంతదారు దగ్గరే, మిషిగన్‌లో, నోవై అనే ఊరి మంచులో ఉంది. బరువు మాత్రం ఏడాది పొడుగునా ఎండ కాసే ఈ ఊళ్ళో నా దగ్గరే ఉండిపోయింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే రెండే జరుగుతాయి. "పోనీలే, చిన్న విషయం" అని సర్దిచెబుతారు, లేదా మొహం తిప్పుకుంటారు. నాకు ఆ రెండూ వద్దు. మా ఆయనకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

ముందే ఒక మాట. నేను బాధల్లో మగ్గిపోతున్న మనిషిని కాను. ఇద్దరు ఆడపిల్లలు, సొంత ఇల్లు, లైబ్రరీలో ఉద్యోగం, శనివారం పొద్దున సముద్రం ఒడ్డున నడక. బాగానే ఉన్నాను. నిజం చెప్పాలంటే చాలా బాగున్నాను. ఒక్కోసారి ఆ బాగుండడమే నన్ను గుచ్చుతుంది.

పెళ్ళైన మూడు నెలలకు మా ఆయన వెంట ఇక్కడికి వచ్చాను. కాలింగ్ కార్డు గీకి, ఆ నంబర్లన్నీ నొక్కి ఇండియాకు ఫోన్ చేసే రోజులవి. దక్షిణ కాలిఫోర్నియాలో, సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో అపార్ట్‌మెంట్. మెడిటరేనియన్ వాతావరణమని అపార్ట్‌మెంట్‌వాళ్ళు తమ కాగితాల మీద గొప్పగా వేసుకున్నారు. అదేమిటో నాకేం తెలుసు? విశాఖపట్నంలో పెరిగినదాన్ని. సముద్రం ఉన్నచోట ఉక్క ఉంటుందని నా లెక్క. ఇక్కడ సముద్రం ఉంది, ఉక్క లేదు. పొద్దున పొగమంచు, పదకొండుకల్లా ఎండ, సాయంత్రానికి చలిగాలి. గోడల నిండా కాగితప్పూలు. వీధి పొడుగునా బూడిదరంగు ఆకులతో, చూడ్డానికి ఏమంత అందం లేని చెట్లు. అవి ఆలివ్ చెట్లని నాకు చెప్పింది సుగుణక్క.

సుగుణక్కది నిజామాబాద్. మా పై వాటాలో ఉండేది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నాలుగు చలికాలాలు నోవైలో గడిపి, వాళ్ళాయన ఉద్యోగం మారితే ఇక్కడికి వచ్చింది. బస్సులో చిల్లర ఎలా వేయాలి, ఏ కొట్లో కొత్తిమీర చవక, లాండ్రీ గదిలో ఏ మెషిన్ బట్టలు చింపుతుంది, అన్నీ ఆవిడే చెప్పింది. ఖాళీ పార్కింగ్ స్థలంలో తన కారులో నాకు డ్రైవింగ్ నేర్పింది. నేను బ్రేకు తొక్కినప్పుడల్లా "అమ్మవారే, సల్లంగ సూడు తల్లీ" అని దండం పెట్టుకునేది.

ఎండ అంటే ఆవిడకు పిచ్చి. నోవైలో నవంబరు వస్తే మనిషికి నవ్వే రాకపోయేదట. పొద్దున లేవబుద్ధి కాక, స్నానం చేయబుద్ధి కాక, కిటికీలోంచి మంచును చూస్తూ ఊరికే ఏడ్చేదట. ఇక్కడికి వచ్చాక ఏడుపు ఆగింది. ఆవిడే చెప్పింది, దాపరికం లేకుండా. అందుకే ఎండ కాస్తే చాలు, ఏదో ఒకటి ఆరబెట్టాల్సిందే. "గింత ఎండ ఉత్తగ పోతున్నది పిల్లా" అనేది. మిరపకాయలు, చింతపండు, బొంతలు. బాల్కనీ కమ్మీ మీద బట్టలు ఆరేసినందుకు అపార్ట్‌మెంట్ మేనేజరమ్మ దగ్గర్నుంచి మొదటి హెచ్చరిక కాగితం వచ్చింది. స్విమ్మింగ్ పూల్ పక్క కుర్చీల మీద పంచె పరిచి గుమ్మడి వడియాలు పెట్టినందుకు రెండోది. ఈత కొట్టడానికి వచ్చిన తెల్లాయన ఎవరో వాటిని చూసి పక్షుల రెట్టలనుకున్నాడట. మేం కడుపు పట్టుకుని నవ్వాం. కానీ ఆ రెండో కాగితంలో స్పష్టంగా ఉంది, మూడోసారి ఏదైనా జరిగితే లీజు ఇక పొడిగించబోమని.

ఈ సంగతి నాకు తెలుసు. తెలుసన్నది గుర్తుపెట్టుకోండి. తెలియక చేసిన తప్పైతే ఇన్నేళ్ళు మోసేదాన్ని కాను.

పూల్ పక్కన ఒక పెద్ద ఆలివ్ చెట్టు ఉండేది. ఆ ఆవరణ కట్టినప్పుడు యజమాని తండ్రి నాటాడని చిన్న పలక కూడా పెట్టారు. దాని కాయలు చూస్తే అచ్చం చిన్న ఉసిరికాయలే. వచ్చిన కొత్తలో నేనొకటి కోసి పటుక్కున కొరికాను. ఆ చేదు మీకెలా చెప్పను? వేపాకు నమిలి కాకరకాయ రసం తాగినట్టుంది. సుగుణక్క పగలబడి నవ్వి, తనూ ఒకటి కొరికి ఉమ్మేసింది. తర్వాత అరబ్బుల కొట్లో ఒక పెద్దావిడను అడిగి కిటుకు తెలుసుకొచ్చింది. కాయకు గాట్లు పెట్టి, రోజూ నీళ్ళు మారుస్తూ రెండు వారాలు నానబెట్టి, ఆ తర్వాత ఉప్పులో వేయాలి. ఆ పెద్దావిడ ఒక గాటు చాలందట. మా అక్క మాత్రం మూడు గాట్లు పెట్టేది, నిజామాబాద్‌లో వాళ్ళమ్మ ఉసిరికాయకు పెట్టినట్టు. చెట్టు కింద రాలినవి గుప్పెడు ఏరుకొచ్చి, ఆవపిండి, కారం, వెల్లుల్లి కలిపి పచ్చడి పెట్టింది. పెరుగన్నంలో అది ఎంత బాగుందో! కానీ గుప్పెడు కాయలు రెండు పూటలకు వస్తాయా? రెండో కాగితం వచ్చాక ఆవిడ ఆ చెట్టు ఛాయలకే పోలేదు.

నేను పోయాను.

ఎందుకు? ఆకలై కాదు. దీపావళికి మా తెలుగువాళ్ళు పాట్‌లక్ పెట్టుకుంటారు, తలా ఒక వంటకం తెస్తారు. కిందటేడు నేను చేసుకెళ్ళిన పులిహోర గిన్నె గిన్నెలాగే ఇంటికొచ్చింది. ఈసారి ఎవరూ తేనిది తీసుకెళ్ళాలి, ఆంటీలందరూ "ఎవరమ్మా ఇది చేసింది?" అని అడగాలి. అంతే. ఆ ఒక్క ప్రశ్న కోసం.

అక్టోబరులో ఒక పొద్దున. పొగమంచు దట్టంగా ఉంది. నాకు చలి. విశాఖపట్నం పిల్లకు ఇక్కడి అక్టోబరు పొద్దున్నే హిమాలయం. ఆ వారమే సుగుణక్క తన నోవై కోటు నాకిచ్చింది. మోకాళ్ళ దాకా వచ్చే ఊదారంగు కోటు, తల కప్పుకోవడానికి వెనక సంచిలాంటిది. "నాకిగ గీ కోటుతోని ఏం పని? నువ్వేస్కో" అంది. ఆవిడ మొదట ఇక్కడ కారు దిగింది ఆ కోటుతోనే. సముద్రపు ఒడ్డున మంచు కోటు ఏమిటని పక్కవాటావాళ్ళు తెగ నవ్వారట. ఆ ఆవరణలో అలాంటిది ఇంకొకరికి లేదు.

ఆ కోటు వేసుకుని, తల కప్పుకుని, కుర్చీ మీద కుర్చీ వేసి ఎక్కాను. సంచీ నిండింది. ఇంకొంచెం, ఇంకొంచెం. చేతికందని కొమ్మను పట్టుకుని గుంజాను. అది విరగలేదు, చీలింది. మాను దాకా చీలుకుంటూ వచ్చింది. తెల్లటి చెక్క బయటపడింది. సంచీ పట్టుకుని ఇంట్లోకి పరిగెత్తాను.

మధ్యాహ్నం మేనేజరమ్మ తలుపు తట్టింది. కోపంగా లేదు, బాధగా ఉంది. పొద్దున కిటికీలోంచి ఎవరినో చూసిందట, పొగమంచులో మొహం కనపడలేదట. ఊదారంగు చలికోటు ఎవరిదో నీకు తెలుసా అని అడిగింది.

ఆ కోటు ఆ క్షణంలో నా తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. తలుపు ఇంకో జానెడు తెరిస్తే కనబడేది. నేను తెరవలేదు. "అది సుగుణ కోటు" అన్నాను.

చూశారా? అబద్ధం ఒక్క ముక్క లేదు. అడిగిన ప్రశ్నకు సరైన జవాబు. అబద్ధం చెప్పలేదు కదా అని ఎన్ని ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నానో! నిజంతో అంత పని చేయొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

భయపడ్డాను, అది నిజం. అప్పుడు మా ఆయన కంపెనీ మారుతున్నాడు, హెచ్‌వన్ కాగితాలు ప్రాసెస్‌లో ఉన్నాయి. అపార్ట్‌మెంట్‌వాళ్ళు కంప్లైంట్ చేస్తే వీసా పోతుందని, ఇద్దర్నీ విమానం ఎక్కించేస్తారని ఊహించుకున్నాను. కొమ్మకీ వీసాకీ సంబంధం లేదని తర్వాత తెలిసింది. తెలిశాకైనా వెళ్ళి చెప్పానా? లేదు. మరి భయం వల్ల అని ఎలా చెప్పను? మూడో కాగితం అక్కకు వచ్చిన రోజు కూడా టైముంది. వాళ్ళాయన ఆఫీసుకెళ్ళి మాట్లాడి, ఎర్రబడిన మొహంతో తిరిగొచ్చిన రోజు కూడా. మేనేజరమ్మ ఆయనకు ఏం చెప్పిందో, కోటు మాట ఎత్తిందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు. అడిగే ధైర్యం ఉంటే చెప్పే ధైర్యమే ఉండేది.

నోవైలో పాత కంపెనీవాళ్ళు ఆయన్ను రమ్మని అప్పటికే పిలుస్తున్నారు. అక్క కోసం ఆగాడు. ఇల్లు పోయేసరికి ఇక వెళ్దామన్నాడు. ఏమో, ఎలాగైనా వెళ్ళేవాళ్ళేమో. ఈ "ఏమో"ను పట్టుకుని కూడా కొన్నేళ్ళు నడిచాను. అది ఎక్కువ దూరం రాలేదు.

నవంబరు చివర్లో, వెళ్ళే ముందు రోజు మధ్యాహ్నం వాళ్ళిద్దర్నీ భోజనానికి పిలిచాను. ఆ కాయలు పారేయడానికి మనసొప్పక పచ్చడి పెట్టేశాను. దీపావళికి తీసుకెళ్ళే మొహం లేకపోయింది. మరి అక్క ముందు ఎందుకు పెట్టాను? ఆవిడకు ఇష్టమని. నిజంగా ఇష్టమనే. మగవాళ్ళిద్దరూ హాల్లో టీవీ ముందు తింటున్నారు. అక్క వంటింట్లో నా పక్కన నిలబడి ఒక కాయ వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఏడికెల్లి తెచ్చినవ్ పిల్లా?"

"కొట్లోంచక్కా. కొన్నవే."

"దుకాణపోడు మూడు గాట్లు పెట్టి అమ్ముతున్నడా?"

"అవునక్కా" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత కాయ నోట్లో వేసుకుని గింజ బయటికి తీసి, "మస్తున్నది. మిగిలింది సీసల పెట్టియ్యి, తీస్కపోత" అంది. చేయి కడుక్కుని, చీర కొంగుకు తుడుచుకుంటూ తలుపు వైపు నడిచింది. "కోటు గూడ ఇయ్యి పిల్లా. ఆడ నాకు అక్కర పడ్తది."

కొక్కేనికి ఉన్న కోటు తనే తీసుకుంది. దాని చేతికి ఒక చిన్న బూడిదరంగు ఆకు అంటుకుని ఉంది. ఆవిడ చూసిందో లేదో.

తెలుసా ఆవిడకు? తెలిసే ఊరుకుందా? తెలిస్తే నన్ను పట్టుకుని తిట్టొచ్చు కదా, జుట్టు పట్టుకోవచ్చు కదా! తెలియకపోతే ఆ మూడు గాట్ల ప్రశ్న ఎందుకు?

ఇప్పుడు మా పెరట్లో నేనే నాటిన ఆలివ్ చెట్టు ఉంది. ప్రతి అక్టోబరులో పచ్చడి పెడతాను. గాట్లు పెట్టను, రోకలితో చితక్కొట్టి నానబెడతాను. ఒక సీసా నోవైకి పంపుతాను. అందగానే ఫోన్ చేస్తుంది. పచ్చడి బాగుందంటుంది, పిల్లల్ని అడుగుతుంది. శీతాకాలంలో ఆవిడ గొంతు మెల్లగా ఉంటుంది, మాటకీ మాటకీ మధ్య ఖాళీలు వస్తాయి. డాక్టరు చెప్పాడని ఏదో పెద్ద కరెంటు దీపం ముందు పొద్దున అరగంట కూర్చుంటుందట, ఎండకు బదులు. ఏ కాలంలో చేసినా మొదటి ప్రశ్న మాత్రం మారదు.

"ఎండ ఉన్నదా పిల్లా?"

"ఉందక్కా" అంటాను. ఎప్పుడూ ఉంటుంది. ఆ జవాబు చెప్పినప్పుడల్లా, కొట్టుకుపోవాల్సినదాన్ని ఇంకొకరిని నెట్టి ఒడ్డున కూర్చున్నానని గుర్తొస్తుంది. అయినా కూర్చున్న చోటు నాకు ఇష్టమే. ఇది కూడా ఒప్పుకోవాలి కదా.

ఈ ఏడు సీసాతో పాటు ఒక చీటీ పెడదామని మూడుసార్లు రాసి మూడుసార్లు చించాను. ఆవిడకు పంపుతానో లేదో ఇప్పటికీ తెలియదు. ఆవిడ క్షమిస్తుందన్న భయమే ఎక్కువగా ఉంది. కనీసం ఒక మనిషికైనా, మొహం తెలియని మీకైనా, ఆ మేనేజరమ్మకు చెప్పకుండా మింగిన రెండో సగం చెప్పేయాలనిపించింది.

అది సుగుణ కోటే. ఆ పొద్దున అందులో ఉన్నది నేను.