నమస్తే పెట్టే కుక్క

మా పాత ఇంటి ఓనరంటే నాకు ఒళ్లుమంట. ఇల్లు మారి ఏడాది కావస్తోంది, అయినా ఆయన గొంతు గుర్తొస్తే చాలు, పళ్లు పటపట కొరుకుతాను.

తిరుమలగిరిలో వాళ్ల మేడ మీద అద్దెకుండేవాళ్లం, నేనూ, మా ఆయనా, పదకొండేళ్ల మా కుక్కా. దానికి తుంటి కీళ్లు అరిగిపోయాయి. పొద్దున లేవాలంటే ముందు కాళ్లతో ఒంటిని ఈడ్చుకుని, రెండుసార్లు కూలబడి, మూడోసారికి నిలబడేది. డాక్టరు చెప్పినవన్నీ చేశాం. నున్నటి టైల్స్ మీద జారకుండా ఇల్లంతా రబ్బరు పట్టాలు పరిచాం. బరువు తగ్గాలని తిండి సగం చేశాం. అది ఖాళీ గిన్నె నాకుతుంటే చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. మెట్ల మీద దాని పొట్ట కింద పాత తువ్వాలు వేసి, రెండు కొసలూ పట్టుకుని దించేదాన్ని. ఒక్కటి మాత్రం డాక్టరు వేలు చూపించి మరీ చెప్పారు. వెనక కాళ్ల మీద నిలబెట్టొద్దు, నిలబెడితే ఇప్పుడు వేస్తున్న నాలుగడుగులు కూడా ఇక వేయలేదు అన్నారు.

మెట్ల కింద ఓనరు బిస్కెట్ పట్టుకుని కాచుకుని ఉండేవాడు.

"ఏందమ్మా, ఇయ్యాల నమస్తే లేదా? పొగరెక్కిందా దీనికి?"

"దానికి కీళ్లనొప్పులండీ. నిలబెట్టొద్దని డాక్టరు చెప్పారు."

"కుక్కకు కీళ్లనొప్పులేందమ్మా, ఎవరన్న వింటే నవ్వుతరు! నాకు లేవా మోకాళ్ల నొప్పులు? నేను నడుస్తలేనా?"

నాలుగు రోజులు ఇదే వరస. ఐదో రోజు నేను గేటు గడియ తీస్తుండగా వెనక "నమస్తే పెట్టు" అని వినపడింది. తిరిగి చూసేసరికి అది లేచి నిలబడి ఉంది. ముందు కాళ్లు జోడించింది, వెనక కాళ్లు వణుకుతున్నాయి. కుయ్యిమంటూ పక్కకి పడిపోయింది. ఆయన చేతిలో బిస్కెట్ లాక్కుని గోడ అవతలికి విసిరేశాను.

"మీకు మనసనేది ఉందా?" అని అరిచాను.

ఆయన అరవలేదు. "గా నమస్తే చూసే గద నీకు ఇల్లిచ్చిన? నేర్పింది నేనా, నువ్వా?" అన్నాడు.

నేనే. ఆరేళ్ల కిందట అద్దెకు ఇల్లు వెతుకుతుంటే, కుక్క ఉందనగానే ఎవరూ గడప తొక్కనిచ్చేవారు కాదు. రెండు వారాలు కూర్చుని దానికి ఈ విద్య నేర్పాను. కొత్తవాళ్లెవరు ఎదురుపడినా లేచి నమస్తే పెట్టాలి. అది చూసే ఈయన మురిసిపోయి తాళాలిచ్చాడు. ఆయన అన్న మాట నిజం కావడమే నాకు ఇంకా మంట.

నెల తిరగకుండా కాప్రాలో కింది వాటా చూసుకున్నాం. మెట్లు లేవు. సామాన్లు దింపుకున్న సాయంత్రం కొత్త ఇంటావిడ పలకరించడానికి వచ్చింది. నేను హాల్లో పట్టాలు పరుస్తున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. మా కుక్క మూలనుంచి ఈడ్చుకుంటూ వచ్చి, గోడకి ఒళ్లు ఆనించి, పైకి లేచి, ముందు కాళ్లు జోడించింది.

"వద్దే, వద్దు తల్లీ" అంటూ పరుగెత్తి దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను.

ఇంటావిడ గుమ్మంలో నిలబడి మురిసిపోయింది.

"అబ్బ, ఎంత మంచిగ నేర్పిన్రమ్మా!"