బంతి ఒకరింట్లో, పంపు ఇంకొకరింట్లో

మొన్న పొద్దున బాన్సువాడ బస్టాండు ఎదుటి హోటల్లో చాయ్ తాగుతుంటే, పక్క బల్ల దగ్గర నా మనవడూ వాడి దోస్తులూ ఒకటే లొల్లి. ఏంది సంగతని చెవి అటు వేస్తే, మన దేశపు ఫుట్‌బాల్ జట్టు మేనేజరు దిగిపోతున్నాడట, ఇగ ఆ కుర్చీలో ఎవరిని కూచోబెట్టాలన్నది పంచాయితీ. ఒకడు బయటి దేశపాయన రావాలంటాడు, ఒకడు మనోడే కావాలంటాడు, ఇంకొకడు ఫోనులో ఎవరెవరి మొఖాలో చూపించి వీళ్లలో ఎవరైనా సరే అంటాడు. నాకు వాళ్ల మాటల కన్నా వాళ్ల తీరు చూస్తే ఆశ్చర్యమేసింది. అంత గొంతు చించుకుంటున్నా ఒక్కనికీ ఇంకొకని మీద అనుమానం లేదు! మనోడే కావాలన్న పిల్లగాణ్ని పట్టుకొని, ఆయన నీకేమైతడు, నీకేం ఇప్పిస్తనన్నడు అని అడిగిన పాపాన పోలేదెవరూ. ఇది చదువుతున్నవాళ్లలో నా ఈడువాళ్లుంటే వాళ్లకు తెలుస్తుంది, మా రోజుల్లో మేనేజరు ఎవరన్న మాట లేస్తే ముందుగా లేచే ప్రశ్న అదే.

నా ఎదురుగా మా బావ కూర్చున్నాడు, అంటే మా అక్క పెనిమిటి. అక్క పోయిన తర్వాత ఇంట్లో చాయ్ రుచించడం లేదని ఆయన ఈ హోటలుకు రావడం మొదలుపెట్టాడు, ఆయన ఒక్కడే కూర్చుంటే బాగుండదని నేనూ వస్తున్నాను. చెవులు మందగించాయి కాబట్టి ఆ పిల్లల గోల పట్టనట్టే చాయ్‌లో బిస్కెట్టు ముంచుకుంటున్నాడు. మందగించాయని ఆయనే చెప్తాడు గానీ, ఆ సంగతి మీద కూడా నాకు పూర్తి నమ్మకం లేదు.

మా ఊరికీ ఒక జట్టు ఉండేది. బడి మైదానంలో వెదురు బొంగులు పాతి గోలు కట్టుకొని, పొలం పనులు తీరినాక సాయంత్రాలు ఆడేవాళ్లం. మేనేజరంటే అప్పుడు సూటూ బూటూ ఉన్న మనిషి కాదు. ఎవరు ఆడాలో ఎవరు గట్టు మీద కూర్చొని మిగతావాళ్ల చెప్పులు కాయాలో చెప్పేవాడు, బిచ్కుందకో వర్నికో ఆటకు పోవాలంటే ట్రాక్టరు మాట్లాడేవాడు, అంతే. తోలు బంతి ఆయన ఇంట్లోనే చిలుక్కొయ్యకు వేలాడేది. కానీ మాలో మాకు నమ్మకం ఎంత గొప్పదంటే, బంతి మేనేజరు ఇంట్లో ఉంటే దానికి గాలి కొట్టే పంపును మాత్రం ఇంకొకరింట్లో పెట్టేవాళ్లం. ఒక ఇల్లు అలిగితే బంతి రాదు, ఇంకో ఇల్లు అలిగితే గాలి రాదు. రెండిళ్లూ రాజీపడితే తప్ప ఆట లేదు. పంపు ఉన్న ఇల్లు ఊళ్లో పెద్ద చెరకు రైతుది. పంపింటి పెద్దాయన అనేవాళ్లం. చెరకు ఫ్యాక్టరీవాళ్ల దగ్గర ఆయన మాటకు బరువుండేది.

పాత మేనేజరుకు వేరే ఊళ్లో పంతులు ఉద్యోగం దొరికి వెళ్లిపోయినప్పుడు సైకిల్ దుకాణం ముందు కూర్చున్నాం చూడండి, ఆ కూర్చోవడం ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టుంది. ఒకాయన పేరు చెప్తే, వాళ్లమ్మది బిచ్కుంద, మేనమామలను ఓడగొడతాడా అన్నారు. వర్ని కాలువ కింద వచ్చి స్థిరపడిన కోస్తా కుటుంబాలలో ఆట బాగా తెలిసిన ఒకాయన ఉన్నాడంటే, ఆయనకు మనమీద ప్రేమ ఎందుకు పుట్టిందో ముందు కనుక్కోండి అన్నారు. చివరికి మా బావ పేరు వచ్చింది. ఆట తెలిసినవాడు, నోరు మంచిది, పైగా నాకు బంతి పట్టడం నేర్పింది ఆయనే. నేను గోల్‌కీపర్ని. ఇంకేం, సైకిల్ దుకాణాయన పంచరు వేస్తూ తల కూడా ఎత్తకుండా అన్నాడు, "గీయన్ని పెడితే ఇగ గోలు కాడ బామ్మర్ది తప్ప ఇంకొకడు నిలబడ్తడా?" అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. ఆ రోజు బావ పక్షాన మాట్లాడి ఆయనను మేనేజరు చేసింది పంపింటి పెద్దాయన. ఎందుకు మాట్లాడాడా అని నాకు అప్పుడే మనసులో ఒక పురుగు దొలిచింది. ఆయనకో చిన్న కొడుకున్నాడు, వాడూ గోల్‌కీపరే, వాడి చేతుల్లో బంతి నిలిచేది కాదు.

బిచ్కుందతో పెద్ద ఆట వచ్చింది. ఆ ఆట చూడడానికి నిజామాబాదు నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడనీ, నచ్చినవాణ్ని జిల్లా జట్టుకు తీసుకుంటాడనీ, ఆ దారిన పోతే హైదరాబాదులో హాస్టలూ ఆ తర్వాత ఆటగాడి కోటాలో ఉద్యోగమూ ఉంటాయనీ తెలిసింది. ఇక నాకు నేల మీద కాలు నిలిస్తే ఒట్టు. అక్క నా బనీను ఉతికి నీలిమందు పెట్టి ఆరేసింది. నా బతుకంతా ఆ ఒక్క సాయంత్రం మీద ఆనించి పెట్టుకున్నాను, అతిశయం కాదు, నిజమే చెప్తున్నాను.

ట్రాక్టరు దిగినాక బావ పేర్లు చదివాడు. గోలు దగ్గర పంపింటి చిన్నకొడుకు అన్నాడు. నా వైపు చూడలేదు. తప్పు విన్నానేమోనని దగ్గరికి పోయి నిలబడితే, "నువ్వు గట్టు మీద కూసో," అన్నాడు. కూర్చున్నాను. అందరి చెప్పులూ నా చుట్టూ ఉన్నాయి. బంతి ఆ పిల్లవాడి చేతుల్లోంచి జారి గోలులో పడ్డప్పుడల్లా నా చేతులు వాటంతటవే లేచేవి. ఓడిపోయాం. నిజామాబాదు పెద్దమనిషి బిచ్కుంద కుర్రాళ్లతో మాట్లాడి, మా ట్రాక్టరు వైపు చూడకుండానే బస్సెక్కి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, ట్రాక్టరు డబ్బాలో వెనక్కి తిరిగి కూర్చొని ఏడ్చాను.

అక్కడితో అయిపోతే మరిచిపోయేవాణ్నేమో. ఆ ఏడు ఊళ్లో అందరి కన్నా ముందు ఫ్యాక్టరీకి పోయిన చెరకు మా బావది. చెరకు వేసినవాళ్లకు చెప్పనక్కర లేదు, ఫ్యాక్టరీవాళ్లిచ్చే నరికే వంతు ముందొస్తే ఆ రైతు బతికాడు, వెనకబడితే గడ ఎండి తూకం పోయి ఏడవాల్సిందే. బావ బండ్లు ముందు కదిలాయి, ఊరంతా చూసింది, నేను ఇంకొంచెం ఎక్కువ చూశాను. ఆట ఓడిన దినం ఆయన అన్నం ముట్టలేదని అక్క నాతో ఎన్నిమార్లో అన్నది. తమ్ముడికీ మొగుడికీ మధ్య నలుగుతున్న ఆడమనిషి అంతకన్నా ఏమంటుంది లెమ్మని ఆ మాటనూ అనుమానించాను. పండగలకు ఆయన ఇంట్లో తిన్నాను, ఆయన పిల్లల పెళ్లిళ్లలో భోజనాల బంతులు నడిపాను, ఆ ఒక్క మాట మాత్రం అడగలేదు. తర్వాత నాకు బస్సు కండక్టరు ఉద్యోగం దొరికింది. అందరినీ అనుమానంగా చూడడమే పని కాబట్టి నాకు బాగా అచ్చివచ్చింది.

ఇదంతా తలుచుకుంటూ కూర్చున్నానా, ఇంతలో మనవడు పక్క బల్ల నుంచి లేచివచ్చి మా బావ చెవి దగ్గర అరిచాడు, "తాతా, నువ్వన్నా చెప్పు. మనోణ్ని పెట్టాల్నా, బయటోణ్ని పెట్టాల్నా?" బావ నిమ్మళంగా బిస్కెట్టు తిని, మూతి తుడుచుకొని అన్నాడు, "బయటోణ్నే పెట్టుండ్రి బిడ్డా. బయటోనికి ఈడ బామ్మర్దులుండరు."

పిల్లలు పకపకా నవ్వారు. వాళ్లలో ఒకడు, బామ్మర్ది ఉంటే ఏమైతది తాతా, ఆడిస్తే అయిపాయె కదా అన్నాడు.

"ఆడిస్తే నలుగురూ అంటరు. ఆడియ్యకపోతే వాడు జన్మంత అనుకుంటడు," అన్నాడు బావ, కప్పులోకి చూస్తూనే.

అంత గోలలో ఆయనకు ప్రశ్న ఎట్లా వినబడింది, నేను ఎదురుగా ఉన్నప్పుడే ఆ మాట ఎందుకన్నాడు, నాకోసమేనా అని ఎన్ని విధాల అనుమానించాలో అన్ని విధాలా అనుమానించాను. అక్క ఉంటే నిజంగానే అన్నం ముట్టలేదా అని ఇప్పుడడిగేవాణ్ని. అడగడానికి అక్క లేదు.

పిల్లలు మళ్లీ ఫోను మీద పడ్డారు. వాళ్లు కొట్లాడుకుంటున్న మనుషులెవరూ వాళ్లకు చాయ్ హోటల్లో ఎదురుపడరు, పెళ్లిలో పక్కన కూర్చోరు, వాళ్ల అక్కను చేసుకోరు. అందుకే వాళ్ల కోపం చాయ్ చల్లారేలోపు చల్లారిపోతుంది. మాది అట్లా కాదు, మా అనుమానం అన్నం పళ్లెం దాకా వచ్చి మాతోపాటే ముసలిదైంది. బడి మైదానంలో వెదురు బొంగులు ఎప్పుడో పోయాయి. ఆ బంతి ఏ ఇంట్లో చివికిపోయిందో, పంపు ఏ ఇంట్లో తుప్పు పట్టిందో చెప్పేవాళ్లు లేరు.

లేచేటప్పుడు బావ రోజూలాగే నా చేయి కోసం తడుముకున్నాడు. ఎప్పుడూ ఆయన అందుకునేదాకా ఆగేవాణ్ని, ఆ రోజు నేనే ముందు పట్టుకున్నాను. హోటలు మెట్లు దిగి నెమ్మదిగా ఇంటి దారి పట్టాం. చెరకు సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఈ వయసులో నిజం చెప్పేస్తాడేమోనని, అది విన్నాక రేపు చాయ్ ఎవరితో తాగాలని నాకు భయం.