ఆరింటి రీడింగు

చాచా పోయాడని మొన్న మంగళవారం పొద్దున అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను హైదరాబాదులో, ల్యాబులో ఉన్నాను. "చాచా పోయాడు. పొద్దున ఆరింటికి. మధ్యాహ్నం నమాజయ్యాక మట్టి," అన్నాను. "అదేగదే నేను చెప్పింది, మళ్లీ నాకు చెప్తావేంది?" అని అమ్మ విసుక్కుంది. అంతలోనే ఆమెకూ గుర్తొచ్చినట్టుంది. విన్నదాన్ని తిరిగి చెప్పడం నాకు అలవాటు చేసింది ఆయనే.

చాచా మాకు చుట్టం కాదు. దాచేపల్లిలో మా గోడకు అవతలి ఇల్లు వాళ్లది. వీధిలో అందరికీ ఆయన చాచా, ఆయన భార్య చాచీ. రిటైరయ్యేదాకా ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో శాంపిళ్లు తీసే పని చేశాడు. చదువు పదో తరగతి. గంటకోసారి మెట్లెక్కి బెల్టు మీది పొడి తీసుకురావడం, కెమిస్టు పరీక్ష చేసి ఇచ్చిన అంకెను కంట్రోల్ రూముకు ఫోనులో చెప్పడం ఆయన పని. అక్కడ మిల్లు రొద. అందుకని అవతలి మనిషి ఆ అంకెను తిరిగి చెప్పేదాకా ఫోను పెట్టేవాడు కాదు.

ఇంట్లోనూ అదే పద్ధతి. చాచీ బజారు సరుకులు చెబితే గుమ్మంలో నిలబడి వరసగా తిరిగి చెప్పేవాడు. తను బయటికి పోతూ, "నాలుగింటికి వస్తా. ఏం చెప్పా?" అని అడిగేవాడు. "ఇదేమన్నా నీ ఫ్యాక్టరీనా? పోయేవాడివి పో," అనేది చాచీ. ఆమె ఒక్కసారి కూడా తిరిగి చెప్పగా నేను వినలేదు.

డిగ్రీ మూడో ఏడు. నాది కెమిస్ట్రీ. చివరి సెమిస్టరులో ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. కాలేజీ వాళ్లు చూపించినవి కాకుండా నాకై నేను హైదరాబాదులో నీళ్లు పరీక్షించే ఒక ల్యాబుకు అప్లై చేశాను. అది దొరికితే చదివిన పని చేతికొస్తుంది. దొరక్కపోతే మా క్లాసులో చానామంది లాగా ఎక్కడో కంప్యూటర్ సెంటరులో సర్టిఫికెట్ రాయించుకోవాలి. నాన్న సున్నపురాయి లారీ తోలుతాడు. డిగ్రీ అయ్యాక పెళ్లి మాట ఎత్తుతారని నాకు తెలుసు. చేతిలో పని ఉంటే ఆ మాట కొంత వెనక్కి పోతుందని నా ఆశ.

ఇంటర్వ్యూ ఫోనులోనే. మా డాబా మీద సిగ్నల్ బాగుంటుందని అక్కడికెక్కాను. ఇంగ్లీషులో నా గురించి నేను చెప్పుకునే పేరా ఒకటి బట్టీ పట్టాను. అది ఆపకుండా అప్పజెప్పాను. ఆ తర్వాత ఆయన అడిగినవి సగం వినపళ్లేదు, విన్న సగం అర్థం కాలేదు. అన్నిటికీ ఎస్ సార్ అన్నాను. "నేను అడిగిన ప్రశ్న ఏంటి?" అని ఆయన ఇంగ్లీషులో అడిగాడు. దానికీ ఎస్ సార్ అన్నాను.

ఫోను పెట్టి చూస్తే పక్క డాబా మీద చాచా తడిబట్టలు దులిపి తీగ మీద వేస్తున్నాడు.

"ఎవరమ్మాయ్, తహశీల్దారా? అన్నిటికీ ఎస్ సార్ ఎస్ సార్ అంటున్నావు."

"ఇంటర్వ్యూ చాచా."

"ఏమడిగాడు?"

"సరిగ్గా వినపళ్లా."

"వినపళ్లేదని చెప్పావా?"

"బాగోదని చెప్పలా."

"వినపడందానికి ఎస్ అంటే బాగుంటదా?"

రెండు రోజులకు ఎంపిక కాలేదని మెయిలొచ్చింది. తర్వాతి నెల బ్యాచికి మళ్లీ అప్లై చేసుకోవచ్చని కింద రాశారు.

ఆ సాయంత్రం నుంచి చాచా నాకు పాఠం మొదలుపెట్టాడు. పాఠం అనే మాట ఆయన అనలేదు. గోడకు ఇటు నన్ను నిలబడమన్నాడు, అటు తను నిలబడ్డాడు. మొహాలు కనపడవు. చాచీని గ్రైండర్ వెయ్యమన్నాడు.

"పప్పు లేకుండా గ్రైండరేంది?" అంది చాచీ.

"మిల్లు అనుకో. అమ్మాయ్, ఇయ్యాల కాలేజీలో ఏం చేశావో చెప్పు."

నేను చెప్పేదాన్ని. "ఏంది, రైలు పోతందా? మెల్లగా," అని అటునుంచి అరుపు. ఒక మాట చెప్పి ఆగాలి. ఆయన తిరిగి చెప్పాలి. తప్పు చెబితే నేను దిద్దాలి. కొన్నిసార్లు కావాలని తప్పు చెప్పేవాడు, నేను గమనిస్తున్నానో లేదోనని. వారం తర్వాత అదే ఇంగ్లీషులో చెప్పమన్నాడు. ఆయనకు ఇంగ్లీషు పెద్దగా రాదు. "నాకు అర్థమయ్యిందాకా చెప్పు. నాకు అర్థమైతే ఆయనకూ అవుతది," అన్నాడు. పొడుగు వాక్యాలు నా నోట్లోంచి అట్లా పోయాయి.

ఒకరోజు నీళ్ల కఠినత్వం కొలిచే ప్రయోగం గురించి చెబుతున్నాను. రంగు మారేదాకా చుక్క చుక్కగా మందు వదిలి, ఎంత పట్టిందో చూసే పరీక్ష అది. ఎవరింటి నీళ్లు వాళ్లు తీసుకుపోవాలి.

"మన బోరు నీళ్లకు ఎంతొచ్చింది?" అన్నాడు గోడ అవతలి నుంచి.

గ్రైండరు తిరుగుతూ ఉంది.

"అమ్మాయ్?"

నాకొచ్చిన అంకె వేరే. సీనియర్ రికార్డు పుస్తకంలో ఉన్నదాని కంటే చాలా ఎక్కువ వచ్చింది. తప్పు చేశాననుకుని సీనియర్ అంకె వేసుకున్నాను. మా క్లాసులో అందరం అంతే. రికార్డు ముందే నిండి ఉంటుంది, ప్రయోగం తర్వాత చేస్తాం. ఆ మాటే చెప్పాను.

చాచా గ్రైండరు ఆపమన్నాడు. మునివేళ్ల మీద లేచి గోడ మీదుగా ఇటు చూశాడు. తిడతాడనుకున్నాను.

"నేనూ వేశా," అన్నాడు.

ఉద్యోగంలో కొత్త. జ్వరంగా ఉండి ఒకసారి మెట్లెక్కలేదట. ముందు గంట అంకెనే మళ్లీ ఫోనులో చెప్పాడు. ఆ గంటలోనే మిల్లులోకి వచ్చే రాయి మారింది. సరుకంతా పాడైంది. కంట్రోల్ రూములో ఉన్నాయన చూసుకోలేదని ఆయన్ను తిట్టి వేరే పనిలో వేశారు. చాచా నోరు తెరవలేదు.

"ఆయన నేను చెప్పింది చెప్పినట్టు తిరిగి చెప్పాడమ్మాయ్. అబద్ధాన్ని కూడా సరిగ్గానే చెప్పాడు. తర్వాత చెబుదాం చెబుదాం అనుకున్నా. ఆయన పోయాడు. చెప్పుకునేందుకు మనిషి లేడు. నీకు చెప్పా."

ఆ తప్పు జరిగినప్పటినుంచి చాచా సొంతంగా ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాడు. ముందు టైము రాయాలి, తర్వాత అంకె. శాంపిల్ తియ్యకపోతే అంకె గడిలో గీత పెట్టి కారణం రాయాలి. "చూసింది చెప్పు. చూడకపోతే చూడలేదని చెప్పు. ఇంతకంటే నాకేం తెలవదు," అన్నాడు.

మర్నాడు మా బోరు నీళ్లు మళ్లీ సీసాలో పట్టుకుని కాలేజీకి పోయాను. మేడమ్‌ను అడిగి నాలుగుసార్లు చేశాను. ఒకసారి చెయ్యి జారి మందు ఎక్కువ పడింది. మిగతా మూడూ దగ్గర దగ్గరగా వచ్చాయి. నాకు మొదట వచ్చిన అంకె తప్పేం కాదు. మా నీళ్లే అంత. ఆ పేజీ కొట్టేసి, పక్కన కొత్తవి రాసి, ఎందుకు కొట్టేశానో కూడా రాశాను. మేడమ్ చాలాసేపు ఆ పేజీ చూసి సంతకం పెట్టింది.

రెండోసారి ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే వినపళ్లేదు. "వినపళ్లేదు సార్, ఇంకోసారి చెప్పండి," అన్నాను ఇంగ్లీషులో. ఆయన మళ్లీ అడిగాడు. నేను ప్రశ్నను తిరిగి చెప్పి, జవాబు చెప్పాను. నీళ్ల ప్రయోగం గురించి అడిగితే మొదట కాపీ కొట్టిన సంగతితో మొదలుపెట్టాను. మూడు రీడింగులు చెప్పాను. నాలుగోది ఎందుకు వదిలేశానో చెప్పాను. ఈసారీ పోయిందనుకున్నాను. అప్పుడాయన నా మూడు అంకెలనూ ఒక్కొక్కటిగా తిరిగి చెప్పి, "కరెక్టేనా?" అన్నాడు.

పక్క డాబా మీద చాచా వాళ్ల దుప్పటి అంచు పట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నాడు. నేను ఫోను పెట్టగానే, "తిరిగి చెప్పాడా?" అని అడిగాడు. చెప్పాడన్నాను. "అయితే వచ్చినట్టే," అని దుప్పటి తీగ మీద వేశాడు.

వచ్చింది. చేరి రెండు నెలలైంది.

మొన్న నేను దాచేపల్లిలో బస్సు దిగేసరికి మట్టి అయిపోయింది. చాచీ లోపలి గదిలో ఆడవాళ్ల మధ్య కూచుని ఉంది. నన్ను చూసి పక్కన చోటిచ్చింది. తర్వాత లేచి, గోడ మేకుకు దారంతో వేలాడుతున్న నోట్‌బుక్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆయన షుగర్ లెక్కల పుస్తకం. రోజూ పొద్దున్నే వేలు పొడుచుకుని మిషన్లో చూసి రాసేవాడు. టైము, అంకె. ఒకచోట గీత పెట్టి ఉంది, పక్కన కారణం: "కొలవలేదు. నిన్న పెళ్లిలో జిలేబీ తిన్నా. భయమేసింది." నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

చివరి వరసలో మంగళవారం తేదీ, ఆరు గంటలు అని ఉంది. పక్కన గడి ఖాళీ. టైము రాసి, మిషను తియ్యబోతూ పక్కకు ఒరిగాడట. చాచీ టీ కాస్తూ ఉందట.

"అట్టా వదిలేస్తే ఆయన ఊరుకునేవాడు కాదు. ఏదో ఒకటి రాయి," అంది. ఆమెకు తెలుగు రాయడం, చదవడం రాదు.

"అంకె చూడలేదు గదా చాచీ."

"గీత పెట్టు మరి."

దారానికి కట్టిన పెన్సిల్ పట్టుకుని గీత పెట్టాను. "కారణం ఏం రాయను?" అని అడిగాను.

ఆమె ఆలోచించింది. "కొలవలేదని రాయి. ఎందుకో రాయొద్దు."

రాశాను. పైకి చదివి వినిపించాను. "మంగళవారం, ఆరు గంటలు. కొలవలేదు."

చాచీ ఆ గీత వైపే చూస్తూ ఉంది. "మంగళవారం," అంది. "ఆరు గంటలు. కొలవలేదు."

తర్వాత పుస్తకం తీసుకుపోయి మళ్లీ మేకుకు తగిలించింది. పెన్సిల్ కాసేపు గోడకు తగులుతూ ఊగింది.