పహిల్వాన్ ఒక్కపొద్దు

మాదన్నపేట మార్కెట్లో తోటకూర కట్టలపై నీళ్లు చిలకరించినప్పుడు లేచే పచ్చివాసన తగిలితే, నాకు వంట కాదు, మల్లేశన్న చేప గుర్తుకు వస్తుంది. మల్లేశన్న మా పక్కింటివాడు. ఇంటి ముందు పాలదుకాణం, వెనుక బర్రెల కొట్టం. దుకాణంలో గోడ పొడవునా గాజుతొట్టి, అందులో ఆయన ఏడేళ్లుగా పెంచుకున్న మూరెడు గౌరామి చేప. లావు పెదవులు, ఉబ్బిన నుదురు, పాలకు వచ్చినవాళ్లను తూకం వేసే చూపు. పేరు పహిల్వాన్. అది ఆకుకూరలూ దోసకాయ తొక్కలూ తప్ప మరేదీ ముట్టదనీ, పైగా శనివారం ఒక్కపొద్దు ఉంటుందనీ ఆయన అందరికీ చెప్పేవాడు.

నేను తాగునీటి పరీక్షశాలలో రసాయన విశ్లేషకుణ్ణి. విన్నదాన్ని విన్నట్టు నమ్మడం నా వృత్తికి విరుద్ధం. వరుసగా నాలుగు శనివారాలు నోటుపుస్తకంతో తొట్టి ముందు స్టూలు వేసుకుని, నా చేతులతోనే ఆకులు వేసి చూశాను. నాలుగుసార్లూ పహిల్వాన్ ముఖం తిప్పుకుంది. తర్వాతి వారం శుక్రవారం సాయంత్రమే వెళ్లి కూర్చున్నాను. మల్లేశన్న రోజూ వేసేదానికి మూడింతలు ఆకు వేస్తున్నాడు. ఇక మరునాడు దానికి ఆకలెక్కడిది? గుట్టు రట్టు చేశానన్న గర్వంతో నిలదీస్తే ఆయన తొణకలేదు.

“మనం గూడ గంతే గద తమ్మీ. ఒక్కపొద్దంటే ముందురోజు కడుపునిండ తింటం.”

నా నోటుపుస్తకంలో ఆ వాదనకు గడి లేదు.

ఆ ఏడాదే ఆయన బంధువుల పెళ్లికి ఊరెళ్తూ పహిల్వాన్‌ను నాకు అప్పగించాడు. ఆదివారం తొట్టిలో సగం నీళ్లు తీసి, కొట్టంలో మూతలు తెరిచి ఉంచిన పాలక్యాన్ల నీళ్లే పోయమన్నాడు. నల్లా నీళ్లు అలసి వస్తాయట, వాటికి ఒకరోజు నిద్ర కావాలట. నీటికి నిద్రేమిటని నవ్వుకుని, నేను నల్లాకు పైపు తగిలించి నేరుగా నింపేశాను. పావుగంటలో పహిల్వాన్ పైకి తేలి, నోరు తెరుస్తూ పక్కకు ఒరిగింది. అప్పుడు తగిలింది నా ముక్కుకు క్లోరిన్ వాసన. నేను ఉద్యోగంలో రోజూ కొలిచేది దాన్నే. నీళ్లను తెరిచి ఉంచితే అది ఎగిరిపోతుందని నలుగురికీ చెప్పేదీ నేనే.

నా కేకలకు, బర్రెలూ దుకాణమూ చూసుకోవడానికి ఇంటి దగ్గరే ఆగిపోయిన మల్లేశన్న భార్య యాదమ్మ వచ్చింది. వెంటనే గోనెసంచి తడిపి తెచ్చింది. ఇద్దరం చేపను అందులో చుట్టి, బర్రెలు తాగే సిమెంటు తొట్టిలో, నిన్నటి నీళ్లలో వదిలాం. ఒక బర్రె మూతి పెట్టబోయి, లోపలున్న శాల్తీని చూసి మర్యాదగా వెనక్కి తగ్గింది. సాయంత్రానికి పహిల్వాన్ నిటారుగా నిలిచి ఒక తోటకూర ఆకు అందుకునేదాకా నేను ఆ కొట్టంలోంచి కదలలేదు.

మల్లేశన్న తిరిగొచ్చాక తప్పు ఒప్పుకున్నాను. క్లోరిన్ సంగతి వివరించి, నీటికి నిద్ర కావాలని ఆయనకెలా తెలిసిందని అడిగాను.

“దీనికంటె ముందు రెండిటిని సంపుకున్న తమ్మీ. రెండుసార్లూ నల్లా నీళ్లే. మూడోసారి నీళ్లను ఒకరోజు ఆపి పోసిన. దానికి నువ్వు జెప్పిన పేరున్నదని ఇయ్యాల్నే ఎరుక.”

నేను మూఢనమ్మకమని కొట్టిపారేసింది, రెండు ప్రాణాలు పోగొట్టుకుని ఆ మనిషి తేల్చుకున్న ఫలితం.

మల్లేశన్న ఇప్పుడు లేడు. మా పరీక్షశాలకు మాత్రం ఎవరో ఒకరు సీసా పట్టుకుని వస్తూనే ఉంటారు. అమావాస్యకు బోరు నీళ్లు చేదెక్కుతాయంటారు, అత్తగారు పట్టిన నీళ్లది ఒక రుచి, తాము పట్టిన నీళ్లది ఒక రుచి అంటారు. మునుపు సీసా తీసుకుని మనిషిని పంపేసేవాణ్ణి. ఇప్పుడు సీసాను పక్కన పెట్టి, ముందు మనిషికి కుర్చీ వేస్తాను.