రాందాస్ మూలుగు

రాందాస్ మూలగకుండా చిటికెన వేలు కూడా ఎత్తడు. టీ గ్లాసు ఎత్తితే "ఓయమ్మో!" బీడీ కోసం వంగితే "చచ్చిపోయిన్రో!" మొన్న వేసవిలో మేనకోడలి పెళ్లికి పోయి, అక్షింతలు వేయడానికి చెయ్యెత్తుతూ మూలిగితే మేళగాళ్లు వాయించడం ఆపేశారట.

వాడు పనిచేసేది పినపాక అడవిలో బొగ్గు జాడ కోసం బోర్లు వేసే క్యాంపులో. బండి పోని చోటికి పంపునూ ఇనుప రాడ్లనూ వాసానికి కట్టి ఇద్దరేసి భుజాల మీద మోయాలి. రాందాస్ జోడీ ఎప్పుడూ జంపయ్యే. వేంసూరు నుంచి వచ్చిన సూపర్‌వైజర్ వెంకటప్పయ్యకు ఆ మూలుగులతో తలనొప్పి.

"ఇంకా ఎత్తనేలేదు గదరా, అప్పుడే ఏంది?"

"ముందుగాల మూలిగితే ఎత్తేటప్పుడు తేలికైతది సార్!"

కంట్రాక్టరు దగ్గర ఒకటే చట్టం: నడుము పడితే ఇంటికే. ఇంజను మోస్తూ కూలబడ్డ పగిడయ్యను దవాఖానాకైనా తీసుకుపోలేదు. బండెక్కించి ఊరికి పంపింది వెంకటప్పయ్యే. మర్నాటికల్లా అతని చోటుకి ఇంకొకడు వచ్చాడు. పగిడయ్య ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తాడు. నోరెత్తని వాడు అట్లా అయ్యాడు, ఇంత గోల చేసే రాందాస్ మాత్రం దుక్కలా ఉన్నాడని వెంకటప్పయ్య కడుపుమంట.

ఒకరోజు రాందాస్‌కు జ్వరం వచ్చి పనికి రాలేదు. గోపాలును జంపయ్యకు జోడీగా పెట్టారు. వాళ్లు గట్టు ఎక్కుతుంటే వెంకటప్పయ్యకు మూలుగు వినపడింది.

"రాందాస్ వచ్చిండా?"

"లేదు సార్," అన్నాడు గోపాలు.

మూలిగింది జంపయ్య. కళ్లనిండా నీళ్లు. వాసం దించాక నడుము నిలపలేక బండకు ఒరిగాడు.

"ఎప్పటి నుంచిరా?"

"నిరుడు వానల్ల జారిపడ్డకాన్నుంచి. రాందాసు తాడును తన దిక్కు జరుపుకొని బరువంత వాడే మోస్తడు సార్. నా మూలుగు మీకు ఇనపడకుంట వాడు మొత్తుకుంటడు. నన్ను ఇంటికి పంపకుండ్రి."

వెంకటప్పయ్యకు పగిడయ్యను ఎక్కించిన బండి కళ్లముందు కదిలింది. జంపయ్యను పంపు దగ్గర కాపలాకు కూర్చోబెట్టాడు. కంట్రాక్టరు వచ్చిన రోజు మాత్రం వాసం కింద నిలబెట్టక తప్పలేదు.

జ్వరం తగ్గి పనిలోకి వచ్చిన రాందాస్ ఆరోజు అడవి అదిరేలా మూలిగాడు.

"వీడి నడుము పోయిందా ఏంటి?" అన్నాడు కంట్రాక్టరు.

"అబ్బే, వాడికది అలవాటండీ. నడుము ఉక్కు!" అన్నాడు వెంకటప్పయ్య.

అది విని జంపయ్యకు నవ్వు ఆగలేదు. నవ్వితే నడుము పట్టేసి "అమ్మా!" అన్నాడు. కంట్రాక్టరు తల తిప్పేలోగా వెంకటప్పయ్యే "అబ్బా!" అని కాలు పట్టుకుని గంతులేశాడు.

"ఏమైందయ్యా?"

"ముల్లండీ!"

రాందాస్ పెదవి విరిచాడు. "సారుకు ఇంకా మూలుగుడు రాలే," అన్నాడు జంపయ్యతో మెల్లగా.