వాకిట్లో ఎండ, చెల్లెలి కళ్లు

పోయిన వారం చిక్కబళ్లాపురం నుంచి మా చెల్లెలు తన రక్తపరీక్ష రిపోర్టు నా ఫోనుకు పంపింది. చింతామణిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, అంకెల పక్కన ఎర్రగుర్తు ఏదీ లేదని రూఢి చేసుకున్నాక గానీ నాకు కాఫీ గొంతు దిగలేదు. తనకిప్పుడు మనవలున్నారు గానీ, నా భయం మాత్రం ఆమె చిన్నతనం దగ్గరే ఆగిపోయింది.

అప్పట్లో మాది మండికల్. చెల్లెలి కళ్లు పచ్చబడగానే అందరూ కామెర్లన్నారు. పసరు తాగించడం, ఉప్పులేని పథ్యం, అన్నీ అయ్యాయి, మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంటే నాయన బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. ఒంటిని కాపాడవలసిన శక్తే దారితప్పి కాలేయం మీద పడుతోందని, అందుకే లోపల వాపు వస్తోందని, మాత్రలు ఆపకూడదని, ఆ వాపు ఎంతుందో తెలియడానికి మధ్యమధ్య రక్తం చూపించాలని అక్కడి డాక్టరు చెప్పాడు. నాయనకు సగం అర్థమైంది, అమ్మకు ఆ సగమూ కాలేదు. ఆమెకు తెలిసిన పరీక్ష ఒక్కటే, పొద్దున్నే బిడ్డను వాకిట్లోకి తెచ్చి, ముఖం ఎండకు తిప్పి, కంటిరెప్ప లాగి చూడడం.

మాత్రలతో చెల్లెలికి ఆకలి పెరిగింది, బుగ్గలు పూరీల్లా పొంగాయి. బాగేపల్లిలో చిన్నత్త పెళ్లికి పోతే చుట్టాలంతా ఆ బుగ్గలు పట్టుకుని మురిసిపోయారు. అవ్వయితే దిష్టి తీసి, బిడ్డ ఇంత నిండుగా ఉంటే ఇంకా మాత్రలెందుకని పట్టుబట్టింది. మరునాడు అమ్మ ఎండలో చూస్తే కళ్లు మల్లెపూలలా తెల్లగా ఉన్నాయి. మాత్రలు ఆపేసింది. ఆ బుగ్గలు మాత్రల వల్ల వచ్చిన ఉబ్బేనని మాకెవరికీ తెలియదు.

తర్వాతి పరీక్షలో వాపు బాగా పెరిగిపోయిందని తేలింది. కళ్లు పచ్చబడేదాకా కాచుకుంటే బిడ్డ దక్కడం కష్టమన్నాడట డాక్టరు. ఆ మాట విని అమ్మ వంటింట్లో కూలబడి ఏడ్చింది. అప్పటినుంచి చెల్లెలి పెళ్లయ్యేదాకా మాత్ర తన చేత్తోనే వేసింది, అయినా పొద్దున కళ్లు చూడడం మానలేదు. ఇంకా దేనికని నాయన నవ్వితే, "నెత్తురు డాక్టరు చూస్తాడు, బిడ్డను నేను చూసుకోవద్దా?" అనేది.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. మొన్న ఆదివారం చెల్లెలు మా ఇంటికి వచ్చింది. మర్నాడు నేను ముగ్గు వేసి నడుము ఎత్తేసరికి వాకిట్లో ఎండకు ముఖం పెట్టి, తనే రెప్ప లాక్కుని నిలబడి ఉంది. రిపోర్టు బాగుండాది కదే అన్నాను.

"రిపోర్టు చూసినావు, నన్ను యాడ చూసినావక్కా?" అంది.

ఆ పరీక్షలే లేకుంటే మా చెల్లెలు నాకు దక్కేది కాదు, కాదనను. కానీ బాగోగులన్నీ ఫోనులోనే తెలిసిపోతుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకునే పనే తగ్గిపోయింది. నా కళ్లకేమో శుక్లాలు, తెలుపేదో పసుపేదో పోల్చుకోలేను. అయినా దాని గడ్డం పట్టుకుని, అమ్మలాగే, చాలాసేపు చూశాను.