వెనకనుంచి వేసిన దండ

1982లో నేను నంద్యాలలో ఒక మిషన్ ఆసుపత్రిలో సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మందులిచ్చే డాక్టరును కాను, ప్రశ్నలడిగి మనసు తీరు అంచనా కట్టేదాన్ని. అయినా అందరికీ డాక్టరమ్మనే. చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఊరుకున్నాను.

ఆ ఏడాది ఆళ్లగడ్డ వైపు నుంచి ఒక పంచాయతీ సమితి ప్రెసిడెంటును ఆయన తమ్ముడు వెంటబెట్టుకొచ్చాడు. పేర్లు చెప్పను. అంతకు ముందు జరిగిన బహిరంగ సభలో ఒక బడిపంతులు భక్తిగా వెనకనుంచి దండ వేయబోతే, ఈయన ఎగిరి లేచి పంతులు గొంతు పట్టుకున్నాడట. పిచ్చి పట్టిందని ఊరంతా గుప్పుమంది. పార్టీ పెద్దలు డాక్టరు కాగితం తెమ్మన్నారు. నేను జబ్బని రాస్తే పదవి పోవడమే కాదు, మనిషిని విశాఖ పిచ్చాసుపత్రికి పంపిస్తారు.

తమ్ముణ్ణి బయట కూర్చోబెట్టి పర్సనాలిటీ టెస్టు మొదలుపెట్టాను. స్వభావాన్ని కొలిచే ప్రశ్నలవి.

"మీకు హాని చేయాలని ఎవరైనా చూస్తున్నారా?"

"చూస్తాండారు. పేర్లు చెప్పాల్నా?"

"మీరు పోయే దారి ఎవరైనా కనిపెడుతున్నారని అనిపిస్తుందా?"

"అనిపించేదేందమ్మా, కనిపెడ్తానే ఉండారు. అందుకే పోయేటప్పుడు ఒక దావ, వచ్చేటప్పుడు ఇంకో దావ."

పారనోయా స్కోరు, అంటే లేనిపోని అనుమానాల లెక్క, ఆకాశానికంటింది. పుస్తకం ప్రకారం ముదిరిన జబ్బే. ఎదుటి మనిషి మాటలో మాత్రం తడబాటు లేదు.

ఆ జబ్బున్నవాళ్లు ముందు ఇంట్లోవాళ్లనే అనుమానిస్తారు. అందుకని, "మీ తమ్ముడి మీద అనుమానం లేదా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "వాని మీదనా? నాకేమైతాదోనని వాడు కూడు గూడా సరిగ్గా తినల్యా. వాని కోసమే వచ్చినా."

"మరి ఆ పంతులు?"

"ఆ దినమే ఇంటికి పోయి తప్పైందని చెప్పినా. పాపం, మంచోడు."

తమ్ముణ్ణి లోపలికి పిలిచి అవే ప్రశ్నలు వేశాను. జవాబులూ అవే!

"మా ఊర్లో ఎవర్ని అడిగినా ఇదే చెప్తారమ్మా. మా ఇద్దరికీ పెద్దోడు, మా పెద్దన్నను ఎనకనుంచే కదా పొడిచింది," అన్నాడు.

"లేనిపోని" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈయన అనుమానాలు లేనివీ కావు, పోనివీ కావు. ఆ టెస్టు తయారుచేసిన ఊళ్లో ఎవరికీ పగలూ కక్షలూ లేవు కాబోలు.

జబ్బు లేదు, జాగ్రత్త ఉంది అని రాసిచ్చాను.

"అంటే అన్నకు పిచ్చి ల్యాదా అమ్మా?"

"లేదప్పా."

అంత మీసమున్న మనిషి తలుపు పట్టుకుని బావురుమన్నాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది.

అప్పటినుంచి ఏ నాయకుడు వేదిక మీద తొడకొట్టినా, కన్నీళ్లు పెట్టుకున్నా, కింద కూర్చుని జబ్బు పేరు తగిలించే మేధావులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముందు వాడి ఊరేదో కనుక్కోండి అంటాను.

ఆ రోజు ప్రెసిడెంటు గడప దాటబోతూ ఆగాడు.

"నాకు జబ్బు లేదంటివి, బాగుండాది. మరి మా ఊరికి ఏం మందు రాస్తావమ్మా?"

నేను మందులిచ్చే డాక్టరును కానని మళ్లీ ఆయనకూ చెప్పాల్సి వచ్చింది.